నేలమాళిగ నుంచి వాగు దాకా

బెర్నడీన్ హ్రుష్కా నాకు ఇరవై ఆరేళ్ళుగా తెలుసు. క్రెస్లీ ప్రాథమిక పాఠశాల వంటగదిలో ఆమె పెద్ద వంటమనిషి. నేను గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి ఆమె పక్క పొయ్యి దాకా వచ్చినదాన్ని. ఇక్కడ చెప్పబోయేదాంట్లో సగం నేను కళ్ళారా చూశాను. మిగతా సగం ఆమే చెప్పింది, ఏదీ దాచుకోకుండా.

మా ఊరి కౌన్సిల్ ప్లంబింగ్ నిబంధనలు మార్చిందంటే దానికి ముఖ్య కారణం బెర్నడీనే. నాలుగేళ్ళ కిందటి వేసవిలో ఆమె మనవరాలు టెస్సాకి ప్రాణం మీదికి వచ్చింది. అప్పటికి ఆ పిల్లకి ఐదేళ్ళు. బెర్నడీన్ ఇంటి వెనక వాలు దిగితే హెరన్ వాగు. ఎండాకాలం పిల్లలంతా అక్కడి మడుగులోనే ఉంటారు. టెస్సాకి మొదట విరేచనాలు, తర్వాత రక్తం, ఆ తర్వాత కిడ్నీలు దెబ్బతిని మూత్రం ఆగిపోయింది. పట్నంలోని పిల్లల ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులుంది. ఎనిమిది రోజులు మెషీన్ మీద రక్తం శుద్ధి చేశారు. బతికింది గానీ ఇప్పటికీ పొద్దున్నే బీపీ మాత్ర వేసుకోకుండా బడికి పోదు.

ఆరోగ్య శాఖవాళ్ళు వచ్చి వాగు నీళ్ళు పరీక్షకి పట్టుకెళ్ళారు. మలంలో ఉండే క్రిములున్నాయన్నారు. మనుషుల నుంచో జంతువుల నుంచో, ఎక్కణ్ణుంచో మాత్రం తేల్చలేకపోయారు. వాళ్ళు తేల్చనిదాన్ని బెర్నడీన్ తేల్చేసింది. వాగుకి ఎగువన, కొండవాలు మీద వర్జిల్ టాకెట్, ఆయన భార్య ఓపల్ పదకొండు మేకల్ని పెంచుకునేవారు. కొండప్రాంతమైన వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా ఊళ్ళో సగం మందికి వాళ్ళింకా "ఆ కొండవాళ్ళే."

ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగు పెట్టినప్పుడు బెర్నడీన్ లేచి, "నువ్వూ నీ మేకలూ కలిసి నా పిల్లని చంపబోయారు!" అని, ఓపల్ పక్కనుండగానే, వర్జిల్ మొహం మీదే అరిచింది. ఆమె కూతురు కోలెట్ కూడా లేచింది. ఇద్దరూ ఏడుస్తూ తిడుతుంటే హాల్లో ఒక్కరూ ఆపలేదు. నేనూ ఆపలేదు. నెల తిరక్కుండా మేకలు అమ్ముడైపోయాయి.

బెర్నడీన్ అక్కడితో ఆగలేదు. మేకలు పోయినా వాగు నీళ్ళు బాగుపడలేదని మళ్ళీ పరీక్షల్లో వచ్చింది. అయినా ఆమె మేకల మాట వెనక్కి తీసుకోలేదు, అనుమానం తన ఇంటి వైపూ తిరగలేదు. మురుగు ఎవరెవరి ఇళ్ళ నుంచో కారుతోందని రెండేళ్ళు కౌన్సిల్ వెంట పడింది. చివరికి కొత్త నిబంధనలు వచ్చాయి. ఊళ్ళో ప్రతి ఇంటివాళ్ళూ సెప్టెంబరు నెలాఖరులోగా ఇంట్లోని ప్రతి సింకూ, ప్రతి టాయిలెట్టూ ఊరి మురుగు లైనులోకే పోతున్నాయని పరీక్ష చేయించి చూపించాలి. కప్పు మీది వాననీళ్ళు దాంట్లో కలపకూడదు. తేడా ఉంటే సొంత ఖర్చుతో సరిచేయించుకోవాలి. జనం గొణిగారు. బెర్నడీన్ ఒక కాగితం అచ్చు వేయించి ఇంటింటికీ తిరిగి పంచింది. అందులో మొదటి మాట: "ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా ఆగకండి. ముందే మీ ప్లంబర్ని పిలిపించి చూపించుకోండి."

తను చెప్పింది తను చేయకపోతే ఎలా అని జూన్ మొదటి వారంలో ఆమే ముందుగా లామార్ ప్రూట్‌ని పిలిపించింది.

లామార్ చిన్నప్పుడు మా బళ్ళోనే తిన్నాడు. రెండోసారి బంగాళదుంప ముద్ద పెట్టించుకోవడానికి బెర్నడీన్ ముందు ఎన్ని వేషాలు వేసేవాడో నాకు గుర్తు. ఇప్పుడు నలభై దాటాడు, ఊళ్ళో మంచి ప్లంబరని పేరు. ఆ రోజు ఉదయం ఒక రంగు సీసా పట్టుకుని వచ్చాడు.

"బెర్నడీనమ్మా, నీ ఇంట్లో చూడ్డానికేముంది? నీ సర్టిఫికెట్ ఇక్కడే గుమ్మంలో రాసిచ్చేస్తాను, కాఫీ పెట్టు చాలు," అన్నాడు.

"ముందు పని, తర్వాత కాఫీ. మా నాన్న ఊరి లైనుకి కలిపించినప్పటి కాగితం కూడా ఉంది నా దగ్గర. కౌన్సిల్ ముద్రతో సహా. ఇదిగో."

"నీలాంటివాళ్ళు ఊరికి పదిమందుంటే చాలు, నాకు పనే ఉండదు."

పద్ధతి సులువే. లామార్ వీధిలో మురుగు లైను మూత తెరిచి దాని పక్కన నిలబడతాడు. బెర్నడీన్ లోపల రంగు పోసి నీళ్ళు వదులుతుంది. రంగు మూత కింద కనిపిస్తే సరిగ్గా కలిసినట్టు. వంటింటి సింకు నుంచి రెండు నిమిషాల్లో ఆకుపచ్చ రంగు వచ్చింది. పై అంతస్తు స్నానాలగది నుంచీ వచ్చింది. ఇక మిగిలింది నేలమాళిగలోని టాయిలెట్.

మా వైపు పాత ఇళ్ళన్నిట్లో నేలమాళిగలో ఒక టాయిలెట్ ఉంటుంది. చుట్టూ గోడలుండవు, తలుపుండదు, మెట్ల కింద అలా నిలబడి ఉంటుంది. స్టీలు మిల్లు నడిచే రోజుల్లో మగవాళ్ళు మసితో ఇంటికొచ్చి, పైకి ఎక్కకుండా అక్కడే శుభ్రం చేసుకునేవారు. మిల్లు పోయినా టాయిలెట్లు మిగిలాయి.

బెర్నడీన్ రంగు పోసి ఫ్లష్ చేసింది. కిటికీలోంచి అరిచింది. "వచ్చిందా?"

"ఇంకా లేదు."

"ఇప్పుడు?"

"లేదమ్మా. ఇంకో మూతెడు రంగు పొయ్యి."

మళ్ళీ పోసింది. మూడోసారీ పోసింది. ఆమె పైకి వచ్చి చూస్తే అతను మూత దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. కింద రంగు లేని నీళ్ళే పోతున్నాయి.

"లైను ఎక్కడో పగిలి ఉంటుంది, కదూ? నేలలోకి ఇంకుతోందేమో," అంది బెర్నడీన్.

లామార్ లేచి ఇంటి పక్కగా వెనక్కి నడిచాడు. ఆమె వెంట వెళ్ళింది. వెనక వాలంతా ముళ్ళపొదలు. వాటిని కర్రతో పక్కకి తోసుకుంటూ దిగాడు. సగం దిగాక ఆగిపోయాడు.

"అమ్మా, నువ్వు అక్కడే ఉండు."

ఆమె ఉండలేదు. అతన్ని దాటుకుని వెళ్ళింది. ఒడ్డు మట్టిలోంచి ఒక పాత మట్టి పైపు నోరు బయటికి వచ్చి ఉంది, అన్నం కంచమంత వెడల్పు. దాంట్లోంచి ఆకుపచ్చ నీళ్ళు ధారగా వాగులో పడుతున్నాయి. కళ్ళు చెదిరే పచ్చదనం. ఆ రంగు రాళ్ళ మధ్య మెలికలు తిరుగుతూ దిగువకి పోతోంది. ముప్పై అడుగుల దూరంలో పిల్లల మడుగు. ఆమె చూస్తుండగానే మడుగు ఒక అంచు నుంచి పచ్చబడటం మొదలైంది.

"ఇది మా ఇంటిది కాదు," అంది.

లామార్ పైపు నోటికి అడ్డంగా ఉన్న ముళ్ళకొమ్మని కర్రతో పక్కకి తోశాడు.

"లామారూ, ఇది మా ఇంటిది కాదు. పక్కింటివాళ్ళది."

"రంగు పోసింది నువ్వేనమ్మా."

ఆమె ఆ ముళ్ళలోనే కూర్చుండిపోయింది. చేతులు గీరుకుపోయి రక్తం వచ్చినా చూసుకోలేదు. లామార్ ఏదో చెబుతున్నాడు: ఊరి లైను పడ్డప్పుడు పైన ఉన్నవాటిని కలిపి, కిందిదాన్ని పాత పైపుకే వదిలేసి ఉంటారు, అప్పట్లో నేలమాళిగ తవ్వడం పెద్ద పని, కాగితం మీద మాత్రం కలిపినట్టు ముద్ర వేయించుకుని ఉంటారు, ఇలాంటివి తను చూశాడు. ఆమెకి వినపడుతోంది గానీ లోపలికి పోవడం లేదు. ఆమెకి మిలాన్ గుర్తొచ్చాడు.

మిలాన్ ఆమె తమ్ముడు, క్లీవ్‌లాండ్‌లో ఉంటాడు. టెస్సాకి జబ్బు చేసిన ఆ వేసవిలోనే వారం రోజులుండి పోదామని వచ్చి, దారిలో ఎక్కడో తిన్న హాంబర్గర్ పడక మంచాన పడ్డాడు. నాలుగు రోజులు కడుపు నొప్పి, రక్త విరేచనాలు. అప్పుడు కోలెట్, టెస్సా కూడా ఇంట్లోనే ఉన్నారు. పసిపిల్ల ఉన్న ఇల్లని బెర్నడీన్ జాగ్రత్త పడింది. మిలాన్‌కి నేలమాళిగలో మడత మంచం వేసింది. "పైకి రాకురా, నీకేం కావాలన్నా నేనే తెస్తాను. నీకు కింద టాయిలెట్ ఉందిగా, దాన్నే వాడుకో. పిల్లకి అంటుకుంటుంది," అంది. పైన స్నానాలగదిని రోజుకి రెండుసార్లు బ్లీచింగుతో కడిగింది. పిల్ల మిలాన్ దగ్గరికి పోకుండా పగలంతా ఆడుకొమ్మని బయటికి పంపింది.

వాగుకి పంపింది.

"మిలాన్," అంది పైకే. లామార్‌కి అర్థం కాలేదు. ఆమె చెప్పింది. వినేసరికి అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని వాగు వైపు తిరిగి నిలబడ్డాడు. అతనికీ ఇద్దరు పిల్లలు.

"అలా అనుకోవద్దమ్మా. దాని వల్లేనని ఎవరూ నిరూపించలేరు. ఈ వాగులో ఎన్నెన్ని కలుస్తాయో."

"నాకెవరూ నిరూపించక్కర్లేదు."

"సరే, విను. ఇన్‌స్పెక్టర్ రావడానికి ఇంకా మూడు నెలలుంది. వచ్చే వారం నేనే వచ్చి తవ్వి కలిపేస్తాను. ఈ పైపు నోట్లో సిమెంటు కొట్టేస్తాను. సెప్టెంబరులో వాళ్ళు రంగు పోస్తే రంగు రావాల్సిన చోటికి వస్తుంది. ముందే చూపించుకోమని నువ్వే చెప్పావుగా జనానికి, అందుకేగా? నేను నోరు విప్పను. మా అమ్మ మీద ఒట్టు."

ఆ మధ్యాహ్నం నేను స్ట్రాబెర్రీలు పట్టుకుని వెళ్ళాను. బెర్నడీన్ వంటింట్లో కూర్చుని ఉంది, చేతుల మీద ఎండిన రక్తం. ఎవరో పోయారనుకున్నాను. అంతా చెప్పింది. నేను వేడినీళ్ళతో చేతులు తుడిచాను. తుడుస్తూ నేనూ లామార్ అన్నదే అన్నాను. "బాగు చేయించుకుని ఊరుకో బెర్నడీన్. ఇప్పుడు చెప్పి ఎవరికేం లాభం? కోలెట్ తట్టుకుంటుందా?" అని. ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆమె నా చేతుల్లోంచి చేతులు లాక్కుంది.

"ఆయన మేకల్ని నేను అమ్మించాను," అంది.

ముందుగా కోలెట్‌కి చెప్పింది. కోలెట్ పక్క ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఆ సాయంత్రం పని అయ్యాక ఆమె కారులోనే, ముందు సీట్లో పక్కన కూర్చుని చెప్పింది. మిలాన్ మామ జబ్బు, కింద టాయిలెట్, పైపు, మడుగు, అన్నీ వరసగా. కోలెట్ మధ్యలో ఒక్క ప్రశ్న వేసింది.

"మామని కిందికి పంపింది నువ్వేనా?"

"నేనే."

"దిగమ్మా."

"కోలెట్..."

"కారు దిగమ్మా. దయచేసి."

బెర్నడీన్ దిగింది. కారు వెళ్ళిపోయింది. ఆమె బస్సు కోసం గంట నిలబడింది. ఆ తర్వాత ఐదు వారాలు కోలెట్ ఫోను ఎత్తలేదు. టెస్సాని పంపలేదు.

మర్నాడు పొద్దున్న కొండవాలు ఎక్కి వర్జిల్ ఇంటికి వెళ్ళింది. వర్జిల్‌కి డెబ్బై దాటాయి. ముంగిట్లో గడ్డికోసే మెషీన్ బ్లేడు విప్పి ఆకురాయితో రుద్దుతున్నాడు. ఆమెని చూసి రుద్దడం ఆపలేదు.

"వర్జిల్ గారూ, మీతో ఒక మాట చెప్పాలి."

"అబ్బో, మీరూ గారూనా? హాల్లో నువ్వూ నీ మేకలూ అన్నట్టు గుర్తు."

"అన్నాను."

"మరి ఇప్పుడేమొచ్చింది? కాగితం పంచడానికి వచ్చావా? నా మురుగు సరిగ్గానే పోతోంది. కోడిపిల్ల కూడా లేదు ఇంట్లో, చూసుకో."

ఆమె నిలబడే చెప్పింది. తన ఇంటి టాయిలెట్ వాగులోకి పోతోందని, ఎప్పటి నుంచో పోతోందని, ఆ వేసవి తన ఇంట్లోనే జబ్బు మనిషి ఉన్నాడని. వర్జిల్ చేతిలో ఆకురాయి ఆగిపోయింది. కోప్పడతాడనుకుంది ఆమె, తిడతాడనుకుంది. ఆయన లేచి, బ్లేడు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, మళ్ళీ కూర్చున్నాడు.

"మళ్ళీ చెప్పు," అన్నాడు.

మళ్ళీ చెప్పింది.

"మేకలవి కాదు."

"కాదు."

"కచ్చితంగా?"

"రంగు నా కళ్ళతో చూశాను. మీ మేకలకీ దానికీ సంబంధం లేదు."

ఆయన ఆకురాయిని కూడా బ్లేడు పక్కన పెట్టాడు.

"ఓపల్ పోయి ఏడు నెలలైంది. నీకు తెలుసుగా?"

"తెలుసు." ఆమె అంత్యక్రియలకి వెళ్ళలేదు. ఊళ్ళో చాలామంది వెళ్ళలేదు.

"నేను నిన్ను ఒక్కరోజు కూడా నమ్మలేదు. మేకలు వాగుకి రాకుండా కంచె కట్టింది నా చేతుల్తో నేనే. నీది కడుపుకోత, ఏదో అంటున్నావులే అనుకున్నాను. కానీ ఓపల్ నమ్మింది. తన మేకలే ఆ పిల్లకి అలా చేశాయని నమ్మింది. అమ్మేయమని నన్ను తొందర పెట్టింది తనే. రోజూ పొద్దున్నే ఆ పిల్ల పేరు పెట్టి ప్రార్థన చేసుకునేది. టెస్సా, టెస్సా అని. చివరి వారం మందుల మత్తులో కూడా అడిగింది, ఆ పాప బడికి పోతోందా అని. నేను చేసిన పాపం అని ఏడ్చింది. అలా అనుకుంటూనే పోయింది."

బెర్నడీన్ తర్వాత నాతో అంది, పైపు చూసినప్పటి దెబ్బ ఒక ఎత్తు, అది ఇంకో ఎత్తు అని. పైపుని తవ్వి తీసేయొచ్చు. ఓపల్‌కి ఇక చెప్పేదెలా?

"నన్ను క్షమించమని అడగను," అంది చివరికి.

"అడక్కు. నా దగ్గర లేదు." వర్జిల్ మొహం తుడుచుకున్నాడు. "ఒక పని చెయ్యి. ఎక్కడ అన్నావో అక్కడే చెప్పు. అందరూ వినాలి. నా వాకిట్లో నాకొక్కడికీ చెప్పి వెళ్ళిపోతే కుదరదు."

గురువారం ఫైర్ స్టేషన్ హాల్లో కౌన్సిల్ మీటింగు. ఆ రోజు కొత్త నిబంధనల గురించే కాబట్టి జనం నిండుగా ఉన్నారు. గడువు పెంచమని అడగడానికి చాలామంది వచ్చారు. బెర్నడీన్ పేరు పిలిచారు. నిబంధనల తరఫున మాట్లాడుతుందని అధ్యక్షుడు చిరునవ్వుతో మైకు ఆమె వైపు తిప్పాడు. నేను మూడో వరసలో ఉన్నాను. వర్జిల్ తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

ఆమె కాగితం తెచ్చుకోలేదు. "వాగులో పడుతున్న మురుగు మా ఇంటిది," అంది.

హాల్లో ఎవరో నవ్వారు, హాస్యానికి అందేమోనని. ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది. పైపు గురించి, తమ్ముడి గురించి, తనే అతన్ని కిందికి పంపడం గురించి. "వర్జిల్ టాకెట్ని, ఓపల్‌ని ఇక్కడే నిలబెట్టి నేను అబద్ధం ఆడాను. నిజమనుకుని ఆడాను, అయినా అది అబద్ధమే. ఓపల్ దాన్ని నమ్మి చచ్చిపోయింది." నవ్విన మనిషి నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. అధ్యక్షుడు ఏదో రాసుకోబోయి కలం అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

ముందుగా గొంతు విప్పింది ఆమె పక్కింటి రిచీ సబోల్.

"ఒక్క నిమిషం. మీ ఇల్లూ మా ఇల్లూ ఒకే ఏడాది కట్టారు. ఒకే మేస్త్రీ కట్టాడు. అంటే మా కిందిది కూడా...?"

రిచీ భార్య అతని చేయి పట్టుకుంది. వాళ్ళకి మూడేళ్ళ కవల పిల్లలు. వాగు వైపు వరసలో ఉన్న ఇళ్ళవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అక్కణ్ణుంచి హాలంతా గోల. కొందరు ఏడ్చారు. కొందరు బెర్నడీన్ మీద విరుచుకుపడ్డారు: నీ ఇల్లు చూసుకోకుండా ఊరి మీద పడ్డావని, ఇప్పుడు మా ఇళ్ళకి కూడా మచ్చ తెచ్చావని. ఆమె అన్నీ నిలబడే విన్నది. వర్జిల్ అంతా అయ్యేదాకా ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు, ఆమె పడ్డ తిట్లూ విన్నాడు. ఆమె వైపు చూడకుండా తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే లామార్ ఆ వరసలోని తొమ్మిది ఇళ్ళకీ రంగు పోశాడు. ఆరు ఇళ్ళ నేలమాళిగ టాయిలెట్లు వాగులోకే పోతున్నాయని తేలింది. రిచీ వాళ్ళది అందులో ఒకటి. మడుగు దగ్గర పిల్లలు దిగకుండా తాడు కట్టారు.

జూలైలో బెర్నడీన్ ఇంట్లో తవ్వారు. నేలమాళిగ కాంక్రీటు పగలగొట్టి, కొత్త పైపు వేసి, ఊరి లైనులో కలిపారు. పాత మట్టి పైపు ముక్కలు పెరట్లో కుప్పగా పడి ఉంటే ఆమె ఒక్కతే తోపుడు బండిలో ఎత్తి లారీలో వేసింది. నేను సాయం వస్తానన్నా వద్దంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కోలెట్ వచ్చింది. టెస్సా రాలేదు. నేను వంటింట్లో, నూడుల్స్‌తో కలిపి హలూష్కీ వండడానికి క్యాబేజీ తరుగుతున్నాను. లేచి వెళ్ళబోతే, "ఉండండి, మీరు కూడా వినాలి," అంది.

తల్లి ఎదురుగా కూర్చుంది. బాగా చిక్కిపోయి ఉంది.

"నీ మీద కోపంతో రాలేదనుకుంటున్నావు కదూ. మొదటి వారం కోపమే. తర్వాత ఇంకోటి. ఆ రోజు హాల్లో నువ్వొక్కదానివే అరవలేదమ్మా. నేను నీకన్నా ఎక్కువ అరిచాను. ఆ ముసలావిడ, ఓపల్, నా దగ్గరికి వచ్చి నా చేయి పట్టుకోబోయింది. నేను విదిలించేశాను. 'నన్ను ముట్టుకోకు, నీ ఒంటి మీద మేకల కంపు' అన్నాను. నీకు గుర్తుందా?"

బెర్నడీన్ తల ఊపింది. నాకూ గుర్తుంది.

"అది తప్పని నేను ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. వర్జిల్‌కి చెప్పాలి."

"నేను వస్తాను."

"వద్దు. నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పావు."

కోలెట్ లేచి వెనక తలుపు తీసుకుని, కొండవాలు మీది బాట పట్టింది. మేమిద్దరం కిటికీలోంచి చూశాం. సగం ఎక్కాక ఆగి వెనక్కి వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. వర్జిల్ ఇంటి గుమ్మం ముందు నిలబడి తలుపు కొట్టింది. తలుపు తెరుచుకుంది. ఆయన చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత పక్కకి జరిగాడు. ఆమె లోపలికి వెళ్ళింది.

గంటకి పైనే ఉంది. ఏం మాట్లాడుకున్నారో మాకెవరికీ తెలియదు. కోలెట్ తిరిగి వచ్చేసరికి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తల్లి కంచంలో హలూష్కీ వడ్డించి ముందు పెట్టింది. కోలెట్ ఫోర్కు తీసుకుని తినడం మొదలుపెట్టింది. కొంచెం తిన్నాక, వచ్చే ఆదివారం టెస్సాని తీసుకొస్తానని చెప్పింది.